పాత డబ్బా

శుక్రారం. సిత్రా క్యాంపుల అందరు పండుకున్నరు.
ఏసీ ఒక్కటే మెలకువతోని గురక పెడుతున్నది.
స్క్రూడ్రైవరు పెట్టి పాత డబ్బా మూత తీసిన.
లోపట మెత్తటి దుమ్ము, పద్దెనిమిదేండ్లది,
ఫ్యాను రెక్కలకు బూరు పట్టినట్టు.
ఊదితే నాకే తుమ్ములొచ్చినయి.

మేనేజరు అబూ ఖలీల్ చెప్పిండు:
"జీతాల షీట్లు, ఐదేండ్లయి చాలు.
మిగిలింది ఖలాస్."
తలూపిన. ఈడ తలూపుడు పనిల భాగమే.
వైరు తగిలిచ్చి, మొత్తం ఎంచుకొని, కాపీ కొట్టిన.

ఇంక మూడు గంటలు, అన్నది.
తర్వాత రెండు రోజులు.
తర్వాత నలభై నిమిషాలు.
వీసా ఏజెంటు నోరు దీనికెట్ల వచ్చిందో.

పచ్చగీత పాకుతుంటె
ఒక్కొక్క పేరు మెరిసి పోతున్నది:
హాజరు, ఓవర్‌టైం, గ్యాస్ సిలిండర్ల లెక్క,
కొత్త ఫోల్డర్, కొత్త ఫోల్డర్ రెండు,
"ఇది తెరువద్దు".
తెరిచిన. ఖాళీ.

గేటు పాసుల ఫోటోలు.
పదకొండు మంది, ఒక్కటే నీలం అంగీ.
వెల్డర్ పోశెట్టిది, తలుపెనక మొలకు ఉండేది.
పొట్టోనికి భుజాలు జారినయి, లావోనికి గుండీ పట్టలే,
మెడ కింద పిన్నీసు నేనే పెట్టిన.
పదకొండోడు సాయిలు. కండ్లు మూసిండు.
మళ్ల తీద్దామంటే
"మూసిన కండ్లకు పైసలు కోస్తరా?" అన్నడు.

ఆ ఫోటో సాయిలుకు పంపిన.
కొంచెం సేపట్ల ఊరి నుంచి గొంతు వచ్చింది:
"అంగీ ఉతికి ఇచ్చినమా లేదా పోశెట్టికి?"
నవ్వు. నవ్వెనక నీళ్ల ట్యాంకరు హారను.

గంతట్ల అయిపోతే బాగుండు.

లెటర్ల ఫోల్డర్ల రెండొందల పద్నాలుగు.
రాయరానోళ్లు చెప్తుంటె నేను కొట్టినయి,
పాత ఫాంటుల. అది ఈ కొత్తదానికి తెల్వది.
సాయిలుది తెరిస్తే
డాలరు గుర్తులు, కొక్కాలు, తెగిన ఇంగ్లీషు అక్షరాలు.
తెలుగు మొత్తం తుమ్మకంపయి నిలవడ్డది.
దాంట్ల ఒక్కటే చెక్కుచెదరలే:
400.
అంకెలకు ఏ ఫాంటైనా ఒక్కటేనట.

బోరు గురించి, తమ్మునికి రాయించిండు.
యాదికున్నది. గ్రీజు వేళ్లు మూడు లేపిండు,
నడిమి వేలుకు గోరు లేదు.
"మూడొందల ఫీట్లకు ఆపుమను.
దాటితే పైసలు బొందల పోసుడే అను."
కీబోర్డు మీద మూడు పక్కనే నాలుగు ఉంటది.
ఆ పొద్దు నాకు పదిహేడు లెటర్లు.

తమ్ముడు నాలుగొందలకు ఆపిండు.
అన్న మాట దాటలే.

ఆ నూరు ఫీట్ల అప్పుకు
సాయిలు సెలవు, టికెటు కంపెనీకే అమ్ముకున్నడు.
మళ్ల సెలవు రెండేండ్లకు.
"మా తమ్మునికి లెక్క రాదు" అనెటోడు,
చాయ్ ఊదుకుంట.
నేను గూడ అవునన్న.

పాత కీల జాగ వేళ్లకు ఇంక యాదికున్నది.
ఆ కంపల నుంచి ఒక్కొక్క అక్షరం ఏరి
కొత్త ఫాంటుల మళ్ల కొట్టిన.
మూడు దగ్గర ఆగిన. చూసి నొక్కిన.
అదే పేరు పెట్టిన.

కంప్యూటర్ అడిగింది:
ఈ పేరుతోని ఇంకోటి ఉన్నది. పాతదాన్ని తీసెయ్యాల్నా?

బయట మగ్రిబ్ పిలుపు.
ఎవరో లేచి నల్లా తిప్పిండు,
ఉప్పునీళ్లు బకెట్ల పడుతున్నయి, సగం దాక, ముప్పాతిక,
నిండి పొర్లుతున్నా ఎవరు కట్టేస్తలేరు.

రెండూ ఉంచు, అని కొట్టిన.

పాత డిస్కు ఊడబీకిన. అరచెయ్యంత,
పెనం మీంచి దించిన రొట్టె లెక్క ఎచ్చగ.
హాజరు కాయితాలు ఎగరకుంట మీద పెట్టిన.

ఫోన్ పట్టుకొని, శానా సేపు పట్టుకొని,
సాయిలుకు జవాబు పంపిన:
"ఉతికే ఇచ్చినమన్నా."